ఇంట్లో అందరికీ విశ్రాంతేనా?

సెలవు రోజున ఇంట్లో కూర్చుని టీవీలో పాటల కచేరీ, ఆపైన ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తూ గడిపితే విశ్వాసికి అది పాపమా? సంఘాల్లో యువకులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఒకప్పుడు జవాబు సులభంగా ఉండేది. టీవీని ‘సాతాను పెట్టె’ అన్న బోధకులను మనలో చాలామందిమి విన్నాం. తర్వాత అదే పెట్టెలో వాక్య పరిచర్య మొదలైంది. ఆ పేరు మెల్లగా మరుగున పడింది. బెరుకు మాత్రం పోలేదు. పాస్టరుగారు వస్తున్నారంటే రిమోట్ దిండు కిందికి వెళ్లే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఆనందించడం తప్పని వాక్యం ఎక్కడా చెప్పలేదు. మనం అనుభవించి సంతోషించడానికే దేవుడు కొరత లేకుండా ఇస్తాడని పౌలు తిమోతికి రాశాడు (1 తిమోతి 6:17). నెహెమ్యా కాలంలో ధర్మశాస్త్రం విని జనం ఏడుస్తుంటే, ఏడవవద్దని చెప్పి, ఇళ్లకు వెళ్లి మంచి భోజనం చేయమన్నారు. లేనివారికి పంపడం మరువవద్దని కూడా అన్నారు (నెహెమ్యా 8:10).

ఇక ఫుట్‌బాల్ మైదానం దేవుని పేరు వినిపించని చోటు అనుకునేవారికి ఇంగ్లండ్‌లో జరిగే ఎఫ్‌ఏ కప్ ఫైనల్ సంగతి చెప్పాలి. 1927 ఏప్రిల్ 23న లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో కార్డిఫ్ సిటీ, ఆర్సెనల్ జట్లు తలపడ్డాయి. కార్డిఫ్ 1-0తో గెలిచింది. ఆ రోజు అక్కడ చేరిన జనం గొంతు కలిపి ‘అబైడ్ విత్ మి’ అనే క్రైస్తవ కీర్తన పాడారు. బీబీసీ రేడియోలో ప్రసారమైన మొదటి ఎఫ్‌ఏ కప్ ఫైనల్ కూడా అదే. 1938లో ఫైనల్ మొత్తం టీవీలో ప్రత్యక్షంగా వచ్చింది. ఆ కీర్తన ఆనవాయితీగా నేటికీ ఫైనల్‌కు ముందు వినిపిస్తుంది. ఆట కోసం టీవీ పెట్టిన ఇంట్లోకి అడగకుండానే ఒక ప్రార్థన వచ్చి చేరుతుంది.

ఆ కీర్తన రాసిన హెన్రీ ఫ్రాన్సిస్ లైట్, బ్రిక్స్‌హామ్ అనే చేపల రేవు పట్టణంలో జాలరుల మధ్య సేవ చేసిన పాస్టరు. క్షయవ్యాధితో కృశించి 1847లో కన్నుమూశాడు. గాంధీగారికి ఎంతో ఇష్టమైన కీర్తన అది. ఢిల్లీలో ఏటా జనవరి 29న జరిగే బీటింగ్ రిట్రీట్‌లో సైనిక బ్యాండ్లు దాన్ని వాయిస్తుంటే మనం టీవీ ముందు కూర్చుని వినేవాళ్లం. 2022లో దాన్ని ఆ కార్యక్రమం నుంచి తీసేశారు. చాలామందికి మనసు చివుక్కుమంది.

కీర్తనకు మూలం లూకా సువార్త 24వ అధ్యాయంలో ఉంది. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు, పొద్దు వాలిందని చెప్పి, తమతో ఉండిపొమ్మని ప్రభువును బతిమాలారు. అది ఆదివారం సాయంత్రం. పునరుత్థానుడైన ప్రభువు వారి వెంట వెళ్లింది దేవాలయానికి కాదు, ఒక మామూలు ఇంటికి. వారు ఆయనను గుర్తుపట్టింది భోజనం దగ్గర. ఇంట్లో తీరికగా గడిపే సాయంత్రాన్ని తక్కువ చేసి మాట్లాడేముందు ఈ భాగం ఒకసారి చదవాలి.

కాబట్టి టీవీ చూడవచ్చా అన్నది మాకు పెద్ద ప్రశ్నగా తోచదు. పందెం కాసి చూసేవారి రోగం వేరు. ఆరాధన ఎగ్గొట్టి చూసేవారితో వాదన అనవసరం. మమ్మల్ని కలవరపెట్టేది మరొకటి. ఆ రోజు ఆ ఇంట్లో విశ్రాంతి దొరికింది ఎవరికి?

నాలుగో ఆజ్ఞను నిదానంగా చదవండి (నిర్గమ 20:10). పని మానవలసినవారి పట్టీ అందులో ఉంది. నీవు, కొడుకు, కూతురు, దాసుడు, దాసి, చివరికి పశువు, ఇంట్లో ఉన్న పరదేశి. భార్య పేరు విడిగా లేదు. ఎందుకంటే ఆమె ‘నీవు’ అన్న మాటలోనే ఉందని పండితులు చెబుతారు. నీవు విశ్రమించినట్టే నీ దాసుడూ దాసీ విశ్రమించాలన్న కారణాన్ని ద్వితీయోపదేశకాండం స్పష్టంగా చెప్పింది (5:14). ఎద్దుకు కూడా సెలవిచ్చిన ఆజ్ఞ అది.

మరి మన ఇళ్లలో? ఆదివారం అంటే కోడికూర. ఆ ఇల్లాలు చీకటితోనే లేచి మసాలా నూరి, పిల్లలను తయారుచేసి, రెండో పాట అయ్యాక గుడిలో అడుగు పెడుతుంది. ఆలస్యమెందుకని చూపులతోనే అడుగుతాం. మధ్యాహ్నం వడ్డన, గిన్నెలు. సాయంత్రం మ్యాచ్‌కు నలుగురు స్నేహితులు వస్తే మూడుసార్లు టీ, ఒకసారి పకోడీ. గోల్ పడినప్పుడు హాల్లో కేక వినిపిస్తుంది, ఆమె వంటింట్లో నుంచి తొంగి చూసేసరికి రీప్లే కూడా అయిపోతుంది. పనిమనిషి ఉన్న ఇంట్లోనైతే ఆదివారమూ రావాలని ఆమెకు కబురు వెళ్తుంది. ఇదంతా చూస్తూనే మార్తకు ఇంత హడావుడి ఎందుకని ప్రసంగాలు చేస్తాం.

అరణ్యంలో మన్నా కురిసినప్పుడు దేవుడు వంట సంగతి మరచిపోలేదు. కాల్చుకునేది, వండుకునేది ముందు రోజే ముగించుకోవాలని ఏర్పాటు చేశాడు (నిర్గమ 16:23). ఆ మాట ముందుగా మేలు చేసింది పొయ్యి దగ్గర ఉండేవారికే. ఆదివారం పప్పూ పచ్చడితో సరిపెట్టుకుంటే ఏ ఇంటి పరువూ పోదు.

విశ్రాంతి దినాన్ని నిష్ఠగా పాటించినవారిలో ఎరిక్ లిడెల్ పేరు మొదట చెబుతాం. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల పందెం హీట్స్ ఆదివారం పడ్డాయని పరుగెత్తలేదు. 400 మీటర్లలో స్వర్ణం గెలిచాడు. ఈ కథ సండే స్కూల్ పిల్లలకు కూడా తెలుసు. తర్వాతి కథ అంతగా చెప్పుకోం. చైనాలో మిషనరీగా ఉండగా జపాన్ సైన్యం ఆయనను వేఫాంగ్ నిర్బంధ శిబిరంలో పెట్టింది. అక్కడ పిల్లలకు ఆటలు నేర్పాడు, ఆదివారం మాత్రం మినహాయించాడు. ఒక ఆదివారం పిల్లలు తామే హాకీ ఆడబోయి కొట్టుకున్నారు. మరుసటి ఆదివారం లిడెల్ రిఫరీగా మైదానంలోకి వచ్చాడు. ఒలింపిక్ పతకం కోసం వదలని ఆదివారాన్ని ఆ పిల్లల కోసం వదిలాడు. 1945లో ఆ శిబిరంలోనే కన్నుమూశాడు.

తిబెరియ ఒడ్డున రాత్రంతా వలలు లాగి అలసిన శిష్యులకు, తిరిగి లేచిన ప్రభువే నిప్పులు రాజేసి, చేపలు కాల్చి పెట్టాడు (యోహాను 21:9-13). మగవాడు పొయ్యి వెలిగిస్తే చిన్నతనమనుకునే సోదరులు ఆ తెల్లవారుజామును తలచుకోవాలి. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో సగం ఆట అయ్యాక పదిహేను నిమిషాల వరకు విరామం ఉంటుంది. ఇంటిల్లిపాదికీ టీ పెట్టి, ఆమెను కూడా సోఫాలో కూర్చోబెట్టడానికి ఆ సమయం చాలు.