డెలివరీకి ముందే డెంటింగ్ పని

ఫోల్డింగ్ ఖాతాలో పని చేసినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర లేదు. టేబుల్ మీద తువ్వాల పరిచి వెలుతురుకు పట్టి చూస్తాం. పోగు తెగినది, నూనె మరక పడినది, అంచు వంకర పోయినది పక్కకు తీస్తాం. రఫ్ఫు చేస్తే కంటికి కనబడకపోవచ్చు. అయినా సరే దానిది సెకండ్స్ కట్టే, ధర కూడా వేరే. ఫ్రెష్ కట్టలో ఒక్క సెకండ్ పీసు దొరికిందంటే వ్యాపారి కట్టంతా వాపస్ పంపుతాడు, తిట్లు మనకు పడతాయి.

నలభై రూపాయల నాప్‌కిన్‌కు ఉన్న ఈ లెక్క ఎనిమిది లక్షల కారుకు లేదా అని ఈ నెల అడగాలనిపించింది. ఎందుకంటే మన సోలాపూర్ పూర్వ భాగంలో కూడా ఇప్పుడు కార్లు వస్తున్నాయి. సోకుకు కాదు, చాలావరకు టూరిస్టు బండ్లే. సాంచా పని తగ్గిన ఇంట్లో చదువుకున్న పిల్లవాడు స్టీరింగ్ పట్టుకుంటున్నాడు. ఆ బండి చేతికి రావడం ఆలస్యమైతే ఇంట్లో ఏమవుతుందో షోరూములో టై కట్టుకున్న పిల్లవాడికి తెలియదు.

మా గల్లీలోనే ఒకడున్నాడు. తండ్రి జకార్డు సాంచా మీద, తల్లి బీడీలు చేస్తుంది. తల్లి బంగారం కుదువ పెట్టి డౌన్ పేమెంట్ కట్టారు. పాడ్వా నాడు బండి ఇస్తామన్నారు. పాడ్వాకు రెండు రోజుల ముందు వాడు మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు.

"కాకా, బండి వచ్చిందట. కానీ ఎనక డోరుకు జర తగిలిందట. బాడీ షాపుల ఉంది, రెండు రోజుల్ల ఇస్తమంటున్నరు."

"లోను పైసలు పోయినయా?"

"పోయినయ్ కాకా. పోయిన శుక్రవారమే."

"నంబరుకు కాయిదాలు పంపిండ్రా?"

"ఇంక లేదంటున్నరు."

ఈ చివరి మాటే వాడిని కాపాడింది. ఎట్లాగో తర్వాత చెబుతా. ముందు ఆ రెండు రోజులు పందొమ్మిది రోజులు ఎందుకైనాయో చూద్దాం.

కారు ఫ్యాక్టరీ గేటు దాటాక మన ఊరు చేరేదాకా ఎన్నో చేతులు మారుతుంది. పెద్ద కంటైనరు లారీలోకి ఎక్కించాలి, బెల్టులతో బిగించాలి, దించాలి, స్టాక్ యార్డులో ఎండకూ వానకూ నిలబెట్టాలి, మళ్లీ షోరూముకు తోలాలి. ఎక్కడో ఒక చోట గీత పడుతుంది, నొక్కు పడుతుంది. అది ఎవరి తప్పూ కాకపోవచ్చు, వింతేమీ కాదు. డీలరు దాన్ని లారీవాళ్ల లెక్కలోనో తన బీమాలోనో రాయాలనుకుంటే సర్వేయరు వచ్చి చూసేదాకా పని ఆగుతుంది. డోరు మార్చాలంటే కంపెనీ నుంచి విడి డోరు రావాలి. అది రంగు లేకుండా ఒట్టి ప్రైమర్‌తో వస్తుంది. ఇక్కడ రంగు వేయాలి.

ఇక రంగు సంగతి. మనవాళ్లకు అద్దకం తెలుసు కాబట్టి ఇది తొందరగా అర్థమవుతుంది. ఒకే నంబరు ఎరుపు రెండు లాట్లలో అద్దితే షేడు తేడా వస్తుందా లేదా? ఫ్యాక్టరీలో కారు ఒట్టి ఇనుప డొక్కుగా ఉన్నప్పుడే మొత్తాన్ని తొట్టిలో ముంచి తుప్పు పట్టని పూత ఎక్కిస్తారు. తర్వాత ప్రైమర్, రంగు, పైన మెరుపు పూత. అప్పటికి వైర్లూ రబ్బర్లూ ప్లాస్టిక్ ఏవీ బిగించి ఉండవు. అందుకే దాన్ని నూట ముప్పై, నూట నలభై డిగ్రీల భట్టీలో కాల్చగలరు. మన ఊరి బాడీ షాపులో ఆ వేడి పెడితే డ్యాష్‌బోర్డు కరిగిపోతుంది. కాబట్టి హార్డెనర్ కలిపిన వేరే రకం రంగు వేసి అరవై డిగ్రీల దగ్గర ఆరబెడతారు. పని తెలిసినవాడు చేస్తే అదీ బాగానే ఉంటుంది, కాదనను. కానీ సిల్వరు, గ్రే లాంటి మెరుపు రంగుల్లో షేడు కలపడం కష్టం. ఒక్కోసారి పక్క డోరు దాకా రంగు వ్యాపింపజేయాల్సి వస్తుంది. ఇనుము దాకా గీకితే ఆ తొట్టి పూత అక్కడ పోయినట్టే. మన దగ్గర ఎండ ఎక్కువ, తేమ తక్కువ, పరవాలేదు. యానాం, గంజాం వైపు ఉప్పు గాలిలో ఉండే మనవాళ్లకు అది చిన్న సంగతి కాదు.

అందుకే బాడీ షాపు మీద పడి తొందర పెట్టవద్దంటాను. పాడ్వాకు కావాలి, దసరాకు కావాలి అని ఒత్తిడి పెడితే వాళ్లు సరిగ్గా ఆరకముందే పాలిషు కొట్టి, పూలదండ వేసి, పేఢాల డబ్బా చేతిలో పెట్టి ఫొటో తీసి పంపేస్తారు. ఆరు నెలలకు మెరుపు పోతుంది. తొందర పెట్టాల్సింది రంగును కాదు, కాగితాన్ని.

కాగితం అంటే ఏమిటి? ఏ భాగానికి దెబ్బ తగిలింది, ఎక్కడ తగిలింది, మారుస్తున్నారా సరిచేస్తున్నారా, ఏ తేదీకి అవుతుంది. ఇవి రాసి ఇవ్వమని అడగడం. బాడీ షాపు జాబ్ కార్డు నకలు అడగడం. "చిన్న టచప్పే సార్" అనే మాటకు విలువ లేదు. చిన్నదైతే రాసి ఇవ్వడానికి ఏం నొప్పి?

ఇలా దాచినందుకు అమెరికాలో ఒక కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అలబామా రాష్ట్రంలో గోర్ అనే డాక్టరు 1990లో కొత్త బీఎండబ్ల్యూ కారు కొన్నాడు, నలభై వేల డాలర్ల పైచిలుకు ధర. తొమ్మిది నెలల తర్వాత ఇంకా మెరుపు తెప్పిద్దామని ఒక పాలిషు షాపుకు తీసుకుపోతే ఆ షాపాయన చూసి, దీనికి మళ్లీ రంగు పడింది అని చెప్పాడు. జర్మనీ నుంచి వచ్చే దారిలో ఆమ్లపు వాన పడి రంగు చెడితే అమెరికాలో సరిచేశారట. ఖర్చు 601 డాలర్లు. కంపెనీ పద్ధతి ఏమిటంటే, మరమ్మతు ఖర్చు బండి ధరలో నూటికి మూడు వంతులు దాటకపోతే డీలరుకు కూడా చెప్పకుండా కొత్తదిగానే అమ్మడం. అట్లా అమ్మినవి ఆ దేశంలో 983 కార్లని కోర్టులో తేలింది. జ్యూరీ డాక్టరు నష్టాన్ని 4,000 డాలర్లుగా కట్టి, శిక్షగా 40 లక్షల డాలర్లు వేసింది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని సగం చేసింది. 1996లో దేశ సుప్రీంకోర్టు అదీ మరీ ఎక్కువని కొట్టేసింది. చివరికి 50,000 దగ్గర తేలింది. డబ్బు సంగతి అట్లుంచితే, జ్యూరీ తీర్పు వచ్చిన కొద్ది రోజుల్లోనే కంపెనీ తన పద్ధతి మార్చుకుంది. ఎంత చిన్న మరమ్మతైనా ఇకమీద చెప్పాల్సిందే అని. అంటే చెప్పడం వాళ్లకు ముందునుంచీ చేతనైన పనే.

మన దేశంలో ఏముంది? తమాషా ఏమిటంటే రెండు వేర్వేరు చట్టాల్లో 41వ సెక్షన్లు రెండూ మనకు పనికొస్తాయి. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలో 41, కొనేవాడు అడిగితే సరుకును పరీక్షించుకునే అవకాశం అమ్మేవాడు ఇచ్చి తీరాలంటుంది. మోటారు వాహనాల చట్టంలో 41, 2019లో మార్చిన తర్వాత, కొత్త బండికి రిజిస్ట్రేషన్ దరఖాస్తు డీలరే పెట్టాలి, నంబరు ప్లేటు బిగించకుండా బండి ఇవ్వకూడదు అంటుంది. మంచికోసమే పెట్టిన నియమం. కానీ దీంతో ఒక చిక్కు వచ్చింది. బండి మన కంటపడే నాటికే అది మన పేరు మీద ఉంటుంది. అప్పుడు డోరు షేడు తేడాగా ఉందంటే, "బండి మీ పేర అయిపోయింది కదా" అంటారు.

మా గల్లీ పిల్లవాడికి నంబరు ఇంకా పడలేదు. అందుకే రెండు నకళ్లు రాయించాను. జాబ్ కార్డు చూపేదాకా నా పేర రిజిస్ట్రేషన్‌కు పంపవద్దు అని ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర వేయించుకున్నాడు. ముద్ర పడ్డాక మేనేజరు బయటికి వచ్చాడు. జాబ్ కార్డు చూస్తే డోరు ఒక్కటే కాదు, వెనక చక్రం పైభాగం కూడా ఉంది. డోరు అంటే బోల్టులతో బిగించేది. ఆ పైభాగం డొక్కుకు వెల్డింగు చేసి ఉంటుంది. బంపరుకు రంగు పడిందని చెప్పి, బిల్లులో ధర తగ్గించి ఇస్తే నేనైతే తీసుకుంటాను. వెల్డింగు భాగానికో పైకప్పుకో సుత్తె తగిలిన బండిని కొత్తదని తీసుకోను. వాడూ తీసుకోలేదు. పందొమ్మిది రోజులు అట్లా పోయాయి. వేరే చాసిస్ రావడానికి ఇంకో పదకొండు రోజులు. గ్రే అడిగితే తెల్లది వచ్చింది. టూరిస్టు బండికి తెలుపే నయమని వాళ్లమ్మ సర్దిచెప్పింది.

హప్తా మాత్రం ఆగలేదు. బ్యాంకు షోరూముకు డబ్బు పంపిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది, బండి వచ్చిన రోజు నుంచి కాదు. ఎనిమిది లక్షల మీద తొమ్మిదిన్నర శాతం అనుకుంటే రోజుకు 208 రూపాయలు. ముప్పై రోజులకు ఆరు వేల పైన. అది వెయ్యి బీడీల లెక్కన ఎన్ని రోజుల కూలో ఆడవాళ్లే చెప్పగలరు. షోరూమువాళ్లు సీటు కవర్లు ఉచితంగా ఇచ్చారు. సీటు కవరు హప్తా కట్టదు. కాబట్టి వరస ఇట్లా ఉండాలి. చాసిస్ నంబరు రాయించుకుని, స్టాక్ యార్డుకు పోయి బండిని కళ్లతో చూశాకే లోను డబ్బు వదలమని బ్యాంకుకు చెప్పాలి. బీమా, నంబరు ఆ తర్వాత.

చూడటం ఎట్లా? పగటి వెలుగులో, కడిగిన బండిని చూడాలి. రాత్రి లైట్ల కింద అన్నీ మెరుస్తాయి. పక్కనుంచి వంగి చూస్తే స్తంభం నీడ రేకు మీద సూటిగా పారాలి. అలలు తిరిగితే కింద పుట్టీ ఉన్నట్టు. డోర్ల సందులు రెండు వైపులా సమానమా చూడండి. బానెట్, డోరు బోల్టుల మీద పానా పట్టిన గాట్లు ఉంటే విప్పారని అర్థం. కిటికీ రబ్బరు మీద రంగు తుంపర, తలుపు లోపలి అంచున టేపు వేసిన గీత వేలికి తగులుతాయి. బట్ట మీద చెయ్యి ఆడించి పోగు పట్టుకునే వేళ్లు మనవి, ఇది మనకు రాకపోదు. రంగు మందం కొలిచే చిన్న మీటరు సెకండ్ హ్యాండు బండ్లు అమ్మేవాళ్ల దగ్గర ఉంటుంది. కంపెనీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. మిగతా రేకంతా అట్లా ఉండి ఒక్క డోరు 250, 300 చూపితే అడగాల్సిందే. ప్లాస్టిక్ బంపరు మీద ఆ మీటరు పని చేయదు.

ఇంకొకటి, దీని మీద నాకు కోపం ఎక్కువ. నంబరు పడ్డ తర్వాత యార్డులో దెబ్బ తగిలితే, "క్యాష్‌లెస్ చేసేస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి" అని మీ బీమా మీదే క్లెయిమ్ వేసేవాళ్లున్నారు. పెట్టవద్దు. మీ చేతికి రాని బండి దెబ్బకు మీ పాలసీ ఎందుకు? ఒక్క క్లెయిముతో వచ్చే ఏడు రావాల్సిన ఇరవై శాతం బోనసు పోతుంది. రేపు బండి అమ్మేటప్పుడు ఆ క్లెయిమ్ రికార్డులో కనబడుతుంది.

మాట వినకపోతే ముందు 1915కు ఫోన్ చేయండి, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. తర్వాత జిల్లా కమిషన్. 2019 చట్టం వచ్చాక షోరూము పుణేలో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయవచ్చు, రెండేళ్ల లోపల. చెల్లించిన ధర ఐదు లక్షల దాకా ఉంటే ఫీజు లేదు, పది లక్షల దాకా 200 రూపాయలు. టూరిస్టు బండి వ్యాపారం కిందికి వస్తుంది, వినియోగదారుడివి కావు అని అవతలి వకీలు అంటాడు. సొంత బతుకుతెరువు కోసం తానే నడుపుకునే బండికి అది వర్తించదని చట్టంలోనే ఉంది. ఆ ముక్క ఫిర్యాదులో మొదటి పేజీలోనే రాయించండి.

భివండీ నుంచి ఒక చెల్లెలు బైకుకు కూడా ఇంతేనా అని అడిగింది. ఇంతేనమ్మా. ట్యాంకు మీద గీతకు స్టిక్కరు అంటించి ఇచ్చారని రాశావు. స్టిక్కరు తీయకుండా ఫొటో తీయి, తీశాక ఇంకోటి తీయి, డెలివరీ చీటీ మీది తేదీ కనబడేట్టు నకలు పెట్టి షోరూముకు ఉత్తరం రాయి. పదిహేను రోజులు గడువు ఇయ్యి.