జొన్నల మూట ఎక్కడ విప్పితేనేం?



హోమ్ థియేటర్ రసికులు ఇద్దరు కలిస్తే చాలు, పాత తగాదా మళ్ళీ మొదలవుతుంది. సినిమా ధ్వనిని డీకోడ్ చేయవలసినది ప్లేయరా, రిసీవరా? రిసీవరు చేస్తేనే నాణ్యత అని ఒక వర్గం ఏనాడో తీర్పు చెప్పేసింది. ఆ తీర్పు నిలవదనీ, అమాయకుల జేబులకు అది చిల్లు పెడుతున్నదనీ ఈ టపాలో నా వాదం.

ముందు నా గోడు. మాది ఝరాసంగం, కేతకీ సంగమేశ్వరుడి ఊరు. ముచ్చటపడి ఇంట్లో ఆరు పెట్టెల హోమ్ థియేటర్ పెట్టించాను. సినిమా మొదలైన పావుగంటకే అమ్మ అన్నది: "ఉరుములు మంచిగనే ఇనవడుతున్నయ్ బిడ్డా, మనుషులు మాట్లాడేదే సమజైత లేదు." సరంజామా అమ్మిన దుకాణానికి ఫోను చేశాను. "డీకోడింగు ప్లేయరులో జరుగుతోంది సార్, అందుకే మాటలు పలచబడ్డాయి. ఇంకాస్త పెద్ద రిసీవరు తీసుకోండి" అని సలహా. కొత్త అప్పు చేయడానికి నేను దాదాపు సిద్ధపడ్డాను కూడా. పోనీ, అసలు డీకోడింగంటే ఏమిటో తెలుసుకుందామనిపించింది. ఆ బుద్ధే నన్ను కాపాడింది.

లెక్క చూడండి. ఆరు ఛానెళ్ళు, ఒక్కొక్కదానికి సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 16 బిట్లు. గుణిస్తే సెకనుకు సుమారు 46 లక్షల బిట్లు. డీవీడీలో డాల్బీ డిజిటల్‌కు దక్కే గరిష్ఠ స్థలం సెకనుకు 4,48,000 బిట్లు, అంటే దాదాపు పదో వంతు. మరి ఎలా ఇమిడింది? మోటారు హోరులో తుమ్మెద ఝంకారం మనకు వినబడదు. అలా పెద్ద ధ్వని చాటున మరుగయ్యే చిన్న ధ్వనులను వదిలేసి, మిగిలినదాన్ని మూట కడతారు. ఆ మూటను విప్పడమే డీకోడింగు. కట్టేటప్పుడు పారబోసిన గింజ విప్పేటప్పుడు తిరిగి రాదు. విప్పేవాడు కొత్త గింజ చేర్చనూ లేడు.

బ్లూరే డిస్కులలోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోలలో ఒక్క గింజా పోదు. వాటిని ఎవరు విప్పినా చివరి బిట్టు వరకూ అదే ఫలితం. విప్పిన ఎనిమిది ఛానెళ్ళను మోసుకుపోయే శక్తి 2002లో వచ్చిన తొలి హెచ్‌డీఎమ్‌ఐకే ఉంది. జొన్నల మూటను వాకిట్లో విప్పినా వంటింట్లో విప్పినా రొట్టె రుచి మారుతుందా?

"నా చెవులకు తేడా వినిపించిందయ్యా!" అంటారు కొందరు. వినిపించే ఉంటుంది, కాదనను. మాటల స్థాయిని తెలిపే ఒక అంకె డాల్బీ మూటలోనే ఉంటుంది. దాన్ని బట్టి డీకోడరు మొత్తం ధ్వనిని తగ్గిస్తుంది. రాత్రివేళ పెద్ద చప్పుళ్ళను అణచే ఏర్పాటు ఒక యంత్రంలో వేసి ఉండి, మరొకదానిలో తీసి ఉండవచ్చు. రెండింటిలో కాస్త బిగ్గరగా పలికినదే మేలుగా తోచడం మన చెవుల బలహీనత. స్థాయిలు సమం చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించి, అప్పుడు తీర్పు చెప్పమనండి.

ఎదుటి పక్షానికి న్యాయంగా ఇవ్వవలసినది ఇచ్చేస్తాను. 2014 నుంచి ఇళ్ళకు వచ్చిన అట్మాస్‌లో ధ్వని ఎక్కడి నుండి రావాలో తెలిపే సమాచారం ఉంటుంది. మీ గదిలోని స్పీకర్ల అమరికను బట్టి దాన్ని పంచేది రిసీవరే. ప్లేయరు మామూలు ఛానెళ్ళుగా విప్పేస్తే ఆ సమాచారం పోతుంది. అలాగే పాత ఆప్టికల్ తీగలో విప్పిన రెండు ఛానెళ్ళో, డాల్బీ డిజిటల్, డీటీఎస్‌ల వంటి ఆరు ఛానెళ్ళ మూటో పడుతుంది గానీ, విప్పిన ఆరు ఛానెళ్ళు పట్టవు. అక్కడ మూటను రిసీవరే విప్పాలి. ఈ రెండూ నిజమైన కారణాలు. తక్కినదంతా భజన.

రిసీవరు అసలు పని విప్పిన తరువాతే మొదలవుతుంది. ధ్వని మీటరు దూరం నడవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. కనుక దగ్గరి స్పీకరును రిసీవరు ఆ మేరకు ఆపి పలికిస్తుంది. ఒక్కొక్క పెట్టె స్థాయిని సరిచూస్తుంది. బలం పెంచి స్పీకరుకు అందిస్తుంది. ఆ బలం పేరిట జరిగే మోసం మరొకటి: పెట్టెల మీద వేలకు వేలు పీఎమ్‌పీఓ వాట్లని అచ్చు వేస్తారు. ఆ కొలతకు ప్రమాణమంటూ ఏదీ లేదు. నిజమైన వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్లే.

మా ఇంటి రోగం చివరికి ఎక్కడ దొరికిందంటారా? రిసీవరులో పరీక్షా ధ్వని అనే సదుపాయం ఉంది. వేశాను. బుస్సుమనే శబ్దం ఎడమన పలికింది, మధ్యకు రాగానే ఆగిపోయింది, కుడిన మళ్ళీ పలికింది. సినిమాలో సంభాషణలు అత్యధికంగా మధ్య స్పీకరుకే వెళతాయి. దాని తీగ వెనుక ఊడిపోయి ఉంది! మధ్య స్పీకరు ఉన్నదనే నమ్మకంతో రిసీవరు మాటలన్నిటినీ అటే పంపుతున్నది. 'లేదు' అని దానికి చెప్పి ఉంటే వాటిని ఎడమ కుడి పెట్టెలకు పంచి ఉండేది. తీగ బిగించాను. బీరువా అరలో దాగిన పెట్టెను ముందుకు జరిపి, అమ్మ కోసం దాని స్థాయి 3 డెసిబెల్లు పెంచాను. ఖర్చు సున్న.

మా మండలంలోని మాచ్‌నూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. పల్లెల దళిత మహిళలు నడపగా వెలిసిన రేడియో అది. ఒక్క స్పీకరున్న చిన్న డబ్బాలో ఆ ఆడవాళ్ళ మాట మా అమ్మకు అక్షరం పోకుండా అందింది. ఆరు పెట్టెలున్న నా నట్టింట్లో మాత్రం తెలుగు మాట దారి తప్పింది. సిగ్గుపడవలసినది యంత్రమా, నేనా?

కనుక అయ్యలారా, అమ్మలారా! మూట ఎవరు విప్పాలన్న తగాదాకు ముందు, ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న అడగండి: మాట వినబడుతోందా? లేదంటే అంగడికి పరుగెత్తకండి. ముందు పెట్టె వెనక్కి వంగి తీగ చూడండి.