ఇంటి గాదెలో జొన్న, శనగ నిలువవలెను

పెద్దముడియం నల్లరేగడిలో శనగ పండించు రైతుకు సూక్ష్మజీవుల మేలును గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. శనగ మొక్కను పెరికి చూచినచో వేళ్ళకు బుడిపెలు కనబడును. వానిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించును. దిబ్బలోని పెంటను మాగిన ఎరువుగా మార్చునవియు సూక్ష్మజీవులే. మన పెద్దప్రేగులో గూడ ఇట్టి సేద్యమే నిత్యము జరుగుచున్నది. పొలమునకు ఎరువు తోలుటలో చూపు శ్రద్ధ ఈ సేద్యమునకు మనము చూపుట లేదు.

అన్నములోని పిండిపదార్థము చాలవరకు చిన్నప్రేగులోనే జీర్ణమగును. పీచు మాత్రము జీర్ణము గాక పెద్దప్రేగును చేరును. అచ్చటి సూక్ష్మజీవులకు అదియే మేత. అవి దానిని పులియబెట్టి బ్యుటిరేట్ మొదలగు ఆమ్లములను తయారుచేయును. పెద్దప్రేగు లోపలి కణములకు ముఖ్యాహారము ఈ బ్యుటిరేటే. పీచు కరవైనచో కొన్ని సూక్ష్మజీవులు ప్రేగును కాపాడు జిగురుపొరనే తినివేయునని 2016లో చుంచెలుకలపై జరిపిన ప్రయోగములలో తేలినది.

మెట్టపంటలు తిను గ్రామములకు సంబంధించిన పరిశోధన యొకటి 2010లో వెలువడినది. ఇటలీ శాస్త్రజ్ఞులు ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో దేశపు పల్లె పిల్లలను, తమ ఫ్లారెన్స్ నగరపు పిల్లలను పోల్చి చూచిరి. పల్లె పిల్లల ఆహారము జొన్నలు, చిరుధాన్యములు, అలసందలు, కూరగాయలు. పీచును పులియబెట్టు సూక్ష్మజీవులు వారి ప్రేగులలో హెచ్చుగా నుండెను. విరేచనములు కలిగించు జాతులు తక్కువగా నుండెను. పరీక్షింపబడినది కొద్దిమంది పిల్లలే. అయినను 2015లో అమెరికాలోని నల్లజాతివారికి దక్షిణాఫ్రికా పల్లె భోజనమును రెండు వారములు పెట్టి చూడగా, వారి ప్రేగులలో బ్యుటిరేట్ పెరిగి వాపు తగ్గెను.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము నూరు గ్రాముల తెల్లబియ్యములో పీచు 3 గ్రాములకు లోపే. జొన్నలలో సుమారు 10 గ్రాములు, పొట్టు తీయని శనగలలో సుమారు 25 గ్రాములు కలదు.

1983లో మన రాష్ట్రమున కిలో రెండు రూపాయల బియ్యము వచ్చిన పిదప బీదల యిండ్లలో గూడ వరి అన్నము నిత్యాహారమైనది. ఆకలి తీరుట గొప్ప మేలు, దానిని కాదనరాదు. కాని జొన్నరొట్టె బీదతనమునకు గుర్తనియు, తెల్లని అన్నము మర్యాదకు గుర్తనియు తలచుట పొరపాటు. పండిన శనగ యంతయు గిడ్డంగికి చేర్చి, ఆ ధనముతో పాలిషు బియ్యము కొనుట లాభసాటి బేరము కాదని మా అభిప్రాయము.

శనగ తిన్న కడుపుబ్బరమగునని కొందరందురు. అలవాటు లేని కడుపునకు ఒక్కసారిగా పెట్టుటయే అందుకు కారణము. రాత్రి నానబెట్టి, బాగుగా ఉడికించి, కొద్దికొద్దిగా పెంచవలెను. నీరు చాలినంత త్రాగవలెను. జొన్నరొట్టె యొక్కటియే చాలదు. పప్పు, ఆకుకూర, మజ్జిగ తోడు కావలెను. ప్రేగు వ్యాధి గలవారు వైద్యుని సలహా పొందవలెను.

కావున రైతులు శనగలను అమ్మకముందే ఇంటి ఖర్చుకు కావలసినవి తీసి ఉంచవలెను. శనగ చేని ప్రక్కన కొద్దిపాటి జొన్నయైనను విత్తవలెను. గ్రామాధికారులు బడిలోను, అంగన్‌వాడీలోను వారమునకొక పూటయైనను జొన్న, శనగ వంటకము పెట్టించుటకు పూనుకొనవలెను. నేలకు ఎరువు వేయక పంట ఆశించు రైతు లేడు. పిల్లల కడుపు విషయమున మాత్రము ఈ సూత్రమును మరువనేల?