"నడుస్తోంది కదా, ముట్టుకోకండి" అనే సార్లకు

పెద్ద పోస్టు. డ్యూటీ దిగి, అన్నం తిని, తీరిగ్గా చదవండి. ఐటీ వాళ్ళ గొడవ అని వదిలేయకండి, క్యాంపులో వైఫై కార్డు కొనుక్కునే అన్నలకు కూడా ఇందులో సంగతి ఉంది.

మేం దోహాలో నెట్‌వర్క్ పని చేసే ఆరుగురం. ఒకరిది జగిత్యాల, ఇద్దరిది రాయచోటి, మిగతావాళ్ళం గోదావరి జిల్లాల వాళ్ళం. కంపెనీలు వేరు, పని ఒకటే. హోటళ్ళు, ఆఫీసు టవర్లు, లేబర్ క్యాంపుల్లో స్విచ్‌లు, వైఫై కంట్రోలర్లు, లాగిన్ సర్వర్లు చూసుకోవడం. అందరం కాంట్రాక్టే. 2024 జూలై నుంచి మేం ఒకే మాట మొత్తుకుంటున్నాం. మా పైన ఉన్న సార్లు ఒకే జవాబు చెప్తున్నారు: "నడుస్తోంది కదా, ముట్టుకోకండి." మెయిల్ పెడితే చదవరు, మీటింగ్‌లో చెప్తే "నెక్స్ట్ క్వార్టర్" అంటారు. అందుకే ఇక్కడ, మన భాషలో రాస్తున్నాం.

సంగతి రేడియస్ గురించి. పేరు వినకపోయినా మీరంతా రోజూ వాడేదే. ఫోన్లో వైఫైకి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ కొడతారు కదా, ఆ వైఫై డబ్బాకు మీరెవరో తెలియదు. లోపల ఎక్కడో ఉన్న సర్వర్‌ను అడుగుతుంది. క్యాంపు గేటు దగ్గర వాచ్‌మన్‌ను గుర్తు తెచ్చుకోండి. కొత్త మనిషి వస్తే ఆఫీసుకు చీటీ పంపుతాడు. "పంపించు" అనో "వద్దు" అనో ముద్ర వేసిన చీటీ తిరిగొస్తుంది. ముద్ర చూసి గేటు తీస్తాడు, లేదా మూస్తాడు. ఇక్కడ వాచ్‌మన్ అంటే స్విచ్. ఆఫీసు అంటే రేడియస్ సర్వర్. ముద్ర అంటే ఎండీ5 అనే ఒక లెక్క. వీపీఎన్ లాగిన్, క్యాంపు వైఫై కార్డు, మేం స్విచ్‌ల్లోకి వెళ్ళే అడ్మిన్ లాగిన్, చాలాచోట్ల అన్నీ ఈ చీటీల మీదే నడుస్తాయి.

ఈ పద్ధతి పుట్టింది 1991లో, ఫోన్ లైన్ మీద మోడెమ్ కూతపెట్టే రోజుల్లో. 2004లో చైనా పరిశోధకురాలు షియావోయున్ వాంగ్ బృందం ఎండీ5 ముద్ర పనికిరాదని చూపించింది. రెండు వేర్వేరు కాగితాల మీద ఒకే ముద్ర పడేలా చేయొచ్చని. ఆ తర్వాత వెబ్‌సైట్ల సర్టిఫికెట్లలోంచి దాన్ని తీసేశారు. రేడియస్‌లో మాత్రం అలాగే ఉంచేశారు. ఎవరూ ముట్టుకోలేదు. నడుస్తోంది కదా మరి!

2024 జూలై 9న బోస్టన్ యూనివర్సిటీ, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ, మైక్రోసాఫ్ట్, క్లౌడ్‌ఫ్లేర్‌లకు చెందిన పరిశోధకులు కలిసి ఈ ముద్రను ఎలా మోసం చేయొచ్చో చేసి చూపించారు. దానికి బ్లాస్ట్‌రేడియస్ అని పేరు. నంబరు సీవీఈ-2024-3596. స్విచ్‌కూ సర్వర్‌కూ మధ్య దారిలో దొంగ ఒకడు కూర్చుంటాడు. వాచ్‌మన్ పంపే చీటీలో ప్రాక్సీ-స్టేట్ అని ఒక గడి ఉంటుంది. అందులో వాడు కొన్ని పిచ్చిగీతలు గీసి ముందుకు పంపుతాడు. ఆ గడిలో ఏముంటే అది తిరుగు చీటీలో ఉన్నదున్నట్టు రాయడం ఆఫీసు అలవాటు. రాసి, "వద్దు" అని ముద్ర వేస్తుంది. కానీ ఆ గీతలు ఊరికే గీసినవి కావు. "వద్దు" చీటీ మీద పడిన ముద్ర, దొంగ తయారుచేసుకున్న "పంపించు" చీటీకి కూడా అతికేలా లెక్క కట్టి గీసినవి. ముద్ర సరిగ్గానే ఉంది కాబట్టి వాచ్‌మన్ గేటు తీస్తాడు. దొంగకు పాస్‌వర్డ్ తెలియక్కర్లేదు. స్విచ్‌కూ సర్వర్‌కూ మధ్య ఉండే సీక్రెట్ కూడా తెలియక్కర్లేదు.

అన్నిటికీ ఈ దెబ్బ తగలదు, ఆ మాట కూడా చెప్పాలి. ఈఏపీ పద్ధతిలో నడిచే కంపెనీ వైఫైకి ఇది తగలదు, ఎందుకంటే అక్కడ రెండో ముద్ర ముందునుంచే తప్పనిసరి. దెబ్బ పీఏపీ, చాప్ లాంటి పాత పద్ధతులకు. ఈ ముక్క పట్టుకుని "మాది ఈఏపీ, మాకేం కాదు" అనే సార్లు ఇద్దరు ముగ్గురు తగిలారు మాకు. సార్, మీ వైఫై ఈఏపీ. మరి మీ కోర్ స్విచ్ అడ్మిన్ లాగిన్ దేని మీద ఉంది? మీ కెమెరాలను, ప్రింటర్లను మ్యాక్ నంబరు చూసి లోపలికి వదులుతున్నారే, అది దేని మీద ఉంది? మేం చూసిన చాలా బిల్డింగుల్లో పీఏపీయే.

మాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, మందు ఎప్పుడో ఉంది. మెసేజ్-ఆథెంటికేటర్ అని ఆ రెండో ముద్ర 2000 సంవత్సరంలోనే ప్రమాణాల్లో రాశారు. పెట్టుకుంటే పెట్టుకోండి అన్నట్టు వదిలేశారు. 2007లో ఇంకో ప్రమాణం వచ్చి, స్విచ్‌లు పంపే ప్రతి లాగిన్ చీటీ మీద ఆ ముద్ర ఉండటం మంచిదని చెప్పింది. "మంచిది" అంటే ఎవరు వింటారు? పెట్టెలు అమ్మే కంపెనీలు చాలావరకు వినలేదు. పదిహేడేళ్ళు పోయాయి. లక్షల రియాళ్ళ పెట్టె అమ్మి, డిఫాల్ట్‌గా ఒక ముద్ర ఆన్ చేయడానికి వాళ్ళకు చేతులు రాలేదు.

ఇంకోపక్క ఫ్రీరేడియస్ వాళ్ళను చూడండి. 1999లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్, అలన్ డెకాక్ నడిపిస్తున్నది. సంగతి బయటపడిన రోజులకల్లా 3.0.27, 3.2.5 వెర్షన్లు సిద్ధంగా పెట్టారు. అందులో రెండు సెట్టింగులు ఇచ్చారు. ఒకటి, రెండో ముద్ర లేని చీటీని తీసుకోకుండా ఆపేది. రెండోది, స్విచ్ పాతదై ఆ ముద్ర వేయలేకపోతే, కనీసం ప్రాక్సీ-స్టేట్ గడి నిండిన ముద్రలేని చీటీ వస్తే చెత్తబుట్టలో వేసేది. అంటే స్విచ్‌లు మార్చడానికి మీ దగ్గర బడ్జెట్ లేకపోయినా, ఒక్క సర్వర్‌ను అప్‌డేట్ చేస్తే ఆ పాత స్విచ్‌లకు కూడా చాలావరకు కాపు ఉంటుంది. ఖర్చు సున్నా. సర్వీస్ రీస్టార్ట్ అయ్యే సమయం ఎంతో, డౌన్‌టైమ్ అంతే. దీనికి నెక్స్ట్ క్వార్టర్ ఎందుకు సార్?

"ప్యాచ్ వేశాం, టికెట్ క్లోజ్" అనేవాళ్ళది ఇంకో రకం. మనవాళ్ళలోనే ఉన్నారు, ఏమీ అనుకోవద్దు. వెర్షన్ నంబరు మారింది, స్క్రీన్‌షాట్ పెట్టారు, ఆడిటర్ టిక్ కొట్టాడు. కాన్ఫిగ్ ఫైల్ తెరిచి చూస్తే రెండు సెట్టింగులకూ "నో" అని ఉంది. ఎందుకంటే ప్యాచ్ వేశాక లాగ్‌లో హెచ్చరికలు వరదలా వస్తున్నాయట, మానిటరింగ్ స్క్రీన్ ఎర్రగా కనిపిస్తోందట, సార్‌కు నచ్చలేదట. ఆ హెచ్చరికలు చెప్పేదే "ఫలానా స్విచ్ ముద్ర వేయట్లేదు, వెళ్ళి చూడు" అని. కుక్క మొరుగుతోందని నోరు కట్టేసి, దొంగలు లేరని నిద్రపోయినట్టుంది.

ప్యాచ్ వేయడం వేరు, దాన్ని అమలు చేయడం వేరు. ఇది మేం కనిపెట్టిన మాట కాదు. 2020లో విండోస్ డొమైన్ కంట్రోలర్లలో జీరోలాగాన్ అనే లోపం బయటపడినప్పుడు, మైక్రోసాఫ్ట్ ఆగస్టులో ప్యాచ్ ఇచ్చి, పాత పెట్టెలను సరిచేసుకోవడానికి టైమ్ ఇచ్చి, 2021 ఫిబ్రవరి అప్‌డేట్‌తో గట్టి తలుపు తనంతట తానే వేసింది. అక్కడ తలుపు వేయడానికి మైక్రోసాఫ్ట్ ఉంది. మన రేడియస్ సర్వర్‌కు మనమే వేసుకోవాలి.

"ముద్ర దొంగతనానికి మూడు నుంచి ఆరు నిమిషాలు పట్టిందట కదా, మన స్విచ్ ముప్పై సెకన్లే ఆగుతుంది" అని ఒక సార్ తెలివిగా అన్నారు. పేపర్ చదివినందుకు సంతోషం. అదే పేపర్లో, ఆ లెక్కను చాలా యంత్రాలకు పంచి తొందరగా చేయొచ్చని కూడా రాశారు, అది చదవలేదు. పరిశోధకులు దొరికిన కంప్యూటర్లతో చేశారు. డబ్బున్నవాడు ఎక్కువ యంత్రాలు అద్దెకు తీసుకుంటాడు. పైగా ఫోన్లో ఓటీపీ నొక్కేదాకా ఆగాలని టైమౌట్ పెంచిన చోట్లు కూడా ఉన్నాయి. "లోపలి నెట్‌వర్క్ కదా" అనేవాళ్ళకు జవాబు, కారిడార్‌లో ఉన్న ప్రతి ఖాళీ నెట్‌వర్క్ సాకెట్ కూడా లోపలి నెట్‌వర్కే.

ఇంత ఆవేశం ఎందుకు, కంపెనీ నెట్‌వర్క్ పోతే కంపెనీకి కదా నష్టం అనుకోవచ్చు. కాదు. ఈ దాడిలో దొంగ ఎవరి పేరుతో లోపలికి వస్తాడో ఆ పేరే స్విచ్ లాగ్‌లో పడుతుంది. అడ్మిన్ హక్కులు ఎవరికి ఉంటాయి? మాకు. అంటే రాత్రి రెండున్నరకు కోర్ స్విచ్‌లోకి వచ్చి కాన్ఫిగ్ మార్చింది లాగ్ ప్రకారం మాలో ఒకడు.

మాలో ఒకతనికి ఒక బిల్డింగులో జరిగింది చెప్తాం. అది దాడి కాదు, ముందే చెప్తున్నాం. అతని ఐడీతో అర్ధరాత్రి స్విచ్‌లో లాగిన్ కనిపించింది. పొద్దున్నే బ్యాడ్జి తీసేసుకున్నారు, లాప్‌టాప్ లాక్ చేశారు. అతను ఆ టైమ్‌కు రూమ్‌లో నిద్రపోతున్నాడని మేం అయిదుగురం చెప్పినా వినలేదు. తొమ్మిది రోజుల తర్వాత తేలిందేమిటంటే, పాత కాంట్రాక్టర్ ఎప్పుడో అతని ఐడీతో ఒక బ్యాకప్ స్క్రిప్ట్ పెట్టి వెళ్ళాడు. సారీ ఎవరూ చెప్పలేదు. ఆ తొమ్మిది రోజులూ ఇంటికి ఫోన్ చేసి మామూలుగా మాట్లాడాడు ఆ మనిషి. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండటానికి మిగిలే రోజులు లెక్కపెట్టుకోవాలి, ఊళ్ళో చిట్టీ కట్టాలి. ఒక స్క్రిప్ట్‌కే ఇంత అయితే, నిజంగా దొంగచీటీతో వచ్చినవాడి విషయంలో ఎంత అవుతుంది?

అందుకే మన పిల్లలకు గట్టిగా చెప్తున్నాం. స్విచ్ లాగ్ ఒక్కటే చూపించి మిమ్మల్ని నిలదీస్తే, రేడియస్ సర్వర్ లాగ్ అడగండి. బ్లాస్ట్‌రేడియస్‌లో సర్వర్ పంపేది "వద్దు" అనే. స్విచ్‌కు అందేది "పంపించు". అదే టైమ్‌కు సర్వర్‌లో రిజెక్ట్, స్విచ్‌లో లాగిన్ కనిపిస్తే దారిలో ఎవరో చీటీ మార్చినట్టు అనుమానించాలి. ఈ రెండు లాగ్‌లూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు మాకు ఇంతవరకు తగల్లేదు. సర్వర్ లాగ్ వారానికే చెరిపేస్తుంటే, ఎక్కువ రోజులు దాచమని ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి.

క్యాంపు అన్నలకు కూడా ఇదే. మీ వైఫై కార్డు మీ ఐడీ నంబరుతో, రూమ్ నంబరుతో ముడిపెట్టి ఇస్తారు. ఆ నంబరు మీద ఎవడో దూరి ఏదో చేస్తే మొదట పిలిచేది మిమ్మల్నే. భయపడి ఏదో కాగితం మీద సంతకం పెట్టకండి, లాగ్ చూపించమనండి.

సార్లను మేం అడిగేది గొంతెమ్మ కోరికలు కావు. శుక్రవారం తెల్లవారుజామున రెండు గంటల విండో ఇవ్వండి. ముందు సర్వర్లు, తర్వాత స్విచ్‌లు, కంట్రోలర్లు ఒక్కొక్కటిగా. ముద్ర వేయలేని పెట్టెలేవో జాబితా ఇస్తాం, వాటిని వేరే మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌లో పెడదాం, వీలైన చోట రేడియస్‌ను టీఎల్ఎస్ లోపల నడుపుదాం. దాని ప్రమాణం 2012 నుంచే ఉంది. మేం చేయమంటున్నా మీరు వద్దంటే, ఆ "వద్దు" మెయిల్లో రాసి, మీ పేరుతో సంతకం పెట్టండి. ఫోన్లో చెప్పకండి.

ఇదే పని చేసే అన్నాతమ్ముళ్ళు, సౌదీలో ఉన్నా దుబాయ్‌లో ఉన్నా, మీ స్విచ్ మోడల్, వెర్షన్ కామెంట్‌లో పెట్టండి. మెసేజ్-ఆథెంటికేటర్ సెట్టింగ్ ఎక్కడుందో మాకు తెలిసినంతవరకు చెప్తాం. సీక్రెట్ కనపడే స్క్రీన్‌షాట్లు మాత్రం పెట్టకండి. మొన్న ఒక తమ్ముడు పెట్టాడు, హోటల్ పేరు పక్కన 123 అని ఉంది. వెంటనే డిలీట్ చేయించాం, మార్చావా తమ్ముడూ?