స్వయం ఉపాధికి చట్టంలో చోటు కావాలి

రైల్వే, తపాలా ఉద్యోగులకు ఆదాయపు పన్ను కొత్త కాదు. జీతం చేతికి రాకముందే కోత పడుతుంది. మన నివాసమెక్కడ అన్న ప్రశ్న మనకు ఎన్నడూ ఎదురుకాలేదు. కాని మన బిడ్డలలో అనేకులు నేడు గల్ఫ్ దేశాలకు, ఇతర ఖండాలకు పోయి, ఏ యజమాని కిందా నౌకరీ చేయక, లెక్కలు వ్రాసి, ప్లాన్లు గీసి, యంత్రాలు మరమ్మతు చేసి సొంతంగా బ్రతుకుతున్నారు. వారికి ఈ ప్రశ్నే ప్రధానమైనది. చట్టరీత్యా నివాసి అయినవాడు ప్రపంచంలో ఎక్కడ ఆర్జించినా సాధారణంగా ఇక్కడ పన్ను చెల్లించవలెను. నివాసి కానివాడు ఇక్కడ పుట్టిన, ఇక్కడ అందుకున్న ఆదాయానికే బాధ్యుడు.

ఏప్రిల్ నుండి మార్చి వరకు గల సంవత్సరంలో 182 రోజులు దేశంలో ఉన్నవాడు నివాసి. 60 రోజులే ఉన్నా, అంతకు ముందరి నాలుగేండ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ గడిపి ఉంటే అతడూ నివాసియే. అయితే ‘ఎంప్లాయ్‌మెంట్’ నిమిత్తం దేశం విడిచే భారత పౌరునికి ఆ సంవత్సరంలో 60కి బదులు 182 రోజుల గడువు లభిస్తుంది. 1961 చట్టంలోని ఈ పద్ధతినే, 2026 ఏప్రిల్ 1 నుండి వర్తించే 2025 చట్టమూ కొనసాగించింది.

చిక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది. ఆగస్టు నెలాఖరున ఇద్దరు యువకులు ఒకే విమానంలో దుబాయి వెళ్లారనుకొందాము. ఏప్రిల్ 1 నుండి ఇద్దరూ ఇక్కడ ఉన్నది 153 రోజులే. నియామకపత్రం గలవాడు ఆ ఏడాది నివాసి కాడు. రెండవవాడు సొంత పనికి పోయినవాడు. స్వయం ఉపాధి ఆ మాట కిందికి రాదని అధికారి భావిస్తే, అతని దుబాయి సంపాదనపై ఇక్కడ పన్ను పడుతుంది. వ్యక్తుల జీతంపై పన్ను లేని ఆ దేశంలో కట్టినది చూపి ఇక్కడ తగ్గింపు కోరే వీలైనా ఉండదు. స్వయం ఉపాధి కూడా ఈ మాటలో చేరుతుందని 2011లో కేరళ హైకోర్టు తీర్పు చెప్పింది. స్వాగతించవలసిన తీర్పే. కాని కష్టజీవి ప్రతివాడూ వకీలును పెట్టుకొని తీర్పు చూపి హక్కు పొందవలెననడం న్యాయమా?

2020 ఫిబ్రవరి బడ్జెటులో, మరే దేశంలోనూ పన్నుకు లోబడని భారత పౌరుని నివాసిగా భావించవలెనని ప్రతిపాదించారు. గల్ఫ్ కార్మికులు కలవరపడ్డారు, కేరళ ముఖ్యమంత్రి అభ్యంతరం తెలిపారు. ఇతర దేశాలలో నిజాయితీగా పనిచేసేవారు తమ లక్ష్యం కాదని ప్రభుత్వం మరునాడే వివరణ ఇచ్చింది. మార్చిలో చట్టమైనప్పుడు, విదేశీ ఆదాయం మినహా తక్కిన ఆదాయం 15 లక్షల రూపాయలు దాటినవారికే దానిని పరిమితం చేసింది. సకాలంలో గొంతెత్తితే చట్టపు మాట మారుతుందనడానికి ఇదే నిదర్శనం.

పన్ను తప్పించుకొనుటకై రోజులు లెక్కిస్తూ దేశాలు తిరిగే ధనికులను పట్టుకొనడాన్ని మేము వ్యతిరేకించము. జీతగాడు పైసాతో సహా చెల్లిస్తుండగా వారు తప్పించుకోరాదు. కాని పెద్ద చేపలకై పన్నిన వలలో చిరుచేపలు చిక్కరాదు.

విదేశాలలో సొంత పని చేసుకొనే బిడ్డలు పాస్‌పోర్టు ముద్రలు, పని ఒప్పందాలు, బ్యాంకు లెక్కలు భద్రపరచుకొనవలెను. ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందపు రక్షణ కోరేవారు ఆ దేశపు పన్ను నివాస ధ్రువపత్రం తప్పక పొందవలెను. ఈ సంగతి మన సభ్యులు వారికి తెలియజేయవలెను. ‘స్వయం ఉపాధితో సహా’ అన్న మాటలను పార్లమెంటు చట్టంలోనే చేర్చవలెనని మేము కోరుతున్నాము. శాఖలన్నీ ఈ కోర్కెపై తీర్మానాలు చేసి పంపవలసినదిగా విజ్ఞప్తి.