వడిసెల రాయికి ఎదురుగా నిలబడకండి

జొన్నచేలో పిట్టలను తోలడానికి వడిసెల తిప్పడం మీలో కొందరైనా చూసి ఉంటారు. తాడును గిరగిర తిప్పి ఒక కొస వదిలేయగానే, రాయి గుండ్రంగా తిరగడం మానేసి తిన్నగా దూసుకుపోతుంది. ఆ సంగతి తెలిసినవారెవరూ రాయి పోయే దారిలో నిలబడరు. అయితే ఈమధ్య చదువుకున్న కుర్రవాళ్ళే కొందరు సరిగ్గా ఆ దారిలో నిలబడుతున్నారు. సెల్‌ఫోను చేతబట్టుకొని, వీడియో తీస్తూ మరీ నిలబడుతున్నారు. నేను చెబుతున్నది రోడ్లమీద జరిగే కార్ల విన్యాసాల గురించి.

పెళ్ళి బరాత్ కావచ్చు, పుట్టినరోజు కావచ్చు, బడి చివరి రోజున వీడ్కోలు వేడుక కావచ్చు. నాలుగైదు కార్లు ఒకచోట చేరతాయి. ఒకడు కారును ఉన్నచోటనే చక్రంలా తిప్పుతాడు. ఇంకొకడు కిటికీలోంచి నడుము దాకా బయటికి వచ్చి కూర్చుంటాడు. మరి ఇద్దరు పందెం వేసుకుంటారు. చుట్టూ చేరినవారు ఈలలు వేస్తారు. ఇందులో ధైర్యం ఎంత, తెలివితక్కువతనం ఎంత అని వాదించుకునే ముందు, మనం బడిలో నేర్చుకున్న భౌతికశాస్త్రం ఏమంటుందో చూద్దాం.

కారు వలయంగా తిరగాలంటే దాన్ని కేంద్రం వైపు లాగే బలం ఒకటి కావాలి. వడిసెలలో ఆ పని తాడు చేస్తుంది. కారుకు తాడు లేదు. టైరుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఘర్షణ ఒక్కటే దానికి తాడు. పొడి తారురోడ్డు మీద మామూలు టైరు ఇవ్వగల త్వరణం సెకనుకు సెకనుకు సుమారు 7 మీటర్లు అనుకుందాం. 6 మీటర్ల వ్యాసార్ధం గల వలయంలో తిరగడానికి ఆ ఘర్షణ ఎంత వేగం దాకా సరిపోతుంది? 7ను 6తో గుణించి వర్గమూలం కట్టండి. సెకనుకు 6.5 మీటర్లు, అంటే గంటకు 23 కిలోమీటర్లు. సైకిలు జోరుగా తొక్కేవాడు అందుకోగల వేగం అది! అది దాటితే టైర్లు పట్టు వదిలి జారడం మొదలుపెడతాయి. చూసేవాళ్ళను మురిపించే ఆ పొగ, కీచుమనే ఆ చప్పుడు, టైరు పట్టు తప్పిందని చెప్పే గుర్తులే.

జారుతున్న టైరు స్టీరింగు మాట సరిగా వినదు. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటుంది. జారుతున్న టైరు ఉన్నట్టుండి మళ్ళీ రోడ్డును పట్టుకుంటే, ఆ క్షణాన కారు ముక్కు ఎటు ఉంటే అటు దూకుతుంది. వలయం చుట్టూ జనం నిలబడి ఉన్నారు గదా! ఎటు దూకినా ఎవరో ఒకరు ఎదురుగా ఉండి తీరతారు.

ఇక కిటికీ మీద కూర్చున్నవాడి సంగతి. కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్నదంటే వాడూ అదే వేగంతో పోతున్నాడు. డ్రైవరు బ్రేకు వేస్తే కారు ఆగుతుంది. వాడు జడత్వం వల్ల ఆగడు. సెకనుకు 20 మీటర్ల వేగమంటే ఎంతో తెలుసా? 20 మీటర్ల ఎత్తునుంచి, అంటే దాదాపు ఆరంతస్తుల మేడమీదినుంచి పడినవాడు నేలను తాకేటప్పుడు ఉండే వేగం. ఆరంతస్తుల మేడ పిట్టగోడ మీద కూర్చుని కాళ్ళు ఊపమంటే ఆ కుర్రవాడు కూర్చుంటాడా? కూర్చోడు. లోతు కంటికి కనిపిస్తుంది కాబట్టి భయం వేస్తుంది. వేగం అలా కంటికి కనిపించదు. కనిపించనిదాన్ని లెక్కకట్టి చూపించడానికే శాస్త్రం ఉన్నది.

పందేల మాటకు వద్దాం. ప్రమాదం కంటబడినప్పటినుంచి కాలు బ్రేకు మీదికి పోవడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ తర్వాతనే బండి నెమ్మదించడం మొదలవుతుంది. పైన చెప్పిన 7 మీటర్ల లెక్కతోనే చూస్తే, గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు 20 మీటర్లలో ఆగుతుంది. అది ఒక క్రికెట్ పిచ్ పొడవు. 80 కిలోమీటర్ల వేగమైతే 57 మీటర్లు కావాలి. 120 అయితే 112 మీటర్లు, అంటే అయిదున్నర పిచ్‌లు. వేగం మూడింతలైతే బ్రేకు పట్టిన తర్వాత పోయే దూరం తొమ్మిదింతలవుతుంది. గతిశక్తి వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుందన్న పాఠం ఇదే.

ఇప్పుడు మన రోడ్లను తలచుకోండి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ పాత వరంగల్ జిల్లాలోని పట్టణాలు. 2016 అక్టోబరులో జిల్లా కేంద్రాలయ్యాయి. జనగామ మీదుగా పోయే హైదరాబాదు-వరంగల్ జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. భూపాలపల్లి రోడ్ల మీద సింగరేణి బొగ్గు లారీలు తిరుగుతాయి. మహబూబాబాద్ వైపు మిరప ఏరే కాలంలో కూలీలు ఆటోల్లో కిక్కిరిసి పోతుంటారు. కోతలైనాక రోడ్డే చాలామంది రైతులకు కల్లం. ఒకపక్క వడ్లు ఆరబోసి, రాత్రిళ్ళు ఆ కుప్పల పక్కనే కాపలా పడుకుంటారు. రోడ్డుమీద వడ్లు ఆరబోయడం మంచిదని నేననను. రైతులకు చాలినన్ని కల్లాలు కట్టించవలసిందే. కాని ఆ రైతు అక్కడున్నాడన్నది నిజం. టైరు కింద వడ్లగింజలు చిన్న చిన్న రూళ్ళకర్రల్లా దొర్లుతాయి. వాటివల్ల ఘర్షణ సగమైతే, 80 వేగంతో వచ్చే కారు ఆగడానికి 57 మీటర్లు చాలవు, 92 కావాలి. రాత్రి పందేనికి "ఖాళీ రోడ్డు" అని కుర్రవాళ్ళు చెప్పుకునే చోట నిజంగా ఎవరున్నారో ఇప్పుడు తెలిసింది గదా!

మన చట్టం దీన్ని ఎలా చూస్తుందో మీరు తెలుసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో గట్టిగా సవరించారు. రాష్ట్ర ప్రభుత్వపు లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో మోటారు పందెంలో పాల్గొన్నా, దాన్ని జరగనిచ్చినా 189వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్ళీ చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. ప్రమాదకరంగా నడపడానికి 184వ సెక్షను వేరే ఉన్నది. నిర్లక్ష్యంతో ఒకరి ప్రాణం తీస్తే, 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను కింద అయిదేళ్ళ వరకు జైలు. పాత శిక్షాస్మృతిలో అది రెండేళ్ళే.

మీ వయసువారికి సంబంధించిన సెక్షను 199ఎ. పద్దెనిమిదేళ్ళు నిండనివాడు బండి నడిపి నేరం చేస్తే, తండ్రిగాని బండి యజమానిగాని దోషి అవుతాడు. తనకు తెలియకుండా జరిగిందని, లేదా ఆపడానికి తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని అతడు రుజువు చేసుకోవాలి. లేకపోతే మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. ఆ కుర్రవాడికి ఇరవైఅయిదేళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. ఒక్క సాయంత్రపు సరదాకు తండ్రి కోర్టు మెట్లెక్కడం, డ్రైవింగు అవసరమయ్యే ఏ ఉద్యోగమైనా ఏళ్ళతరబడి దూరం కావడం, ఎంత ఖరీదైన సరదా!

ఇవి కాగితం మీది మాటలే అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో శంషాబాదు దగ్గర ఔటర్ రింగురోడ్డు మీద కార్లను గిరగిర తిప్పిన యువకులను, కెమెరాలకెక్కిన దృశ్యాల ఆధారంతో పోలీసులు పట్టుకొని అరెస్టు చేశారు. 2006లో బొంబాయి నగరంలో ఒక యువకుడు తాగి నడిపిన కారు, రోడ్డు పక్క నిద్రిస్తున్న కూలీలపైకి దూసుకుపోయి ఏడుగురిని బలి తీసుకుంది. కింది కోర్టు ఆరునెలల జైలు వేస్తే, హైకోర్టు దాన్ని హత్యకాని నరహత్యగా పరిగణించి మూడేళ్ళకు పెంచింది. 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. 2025 జులైలో ఇంకొక కర్ణాటక కేసులో, తన దురుసు డ్రైవింగువల్లనే చనిపోయిన వ్యక్తి కుటుంబం కోరిన నష్టపరిహారాన్ని అదే కోర్టు నిరాకరించింది. అంటే కొడుకు పోయిన ఇంటికి ఆ పరిహారమూ అందలేదు.

"పందేలు ప్రపంచమంతటా జరుగుతున్నాయి గదా, మమ్మల్నే ఎందుకంటారు?" అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుసేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పందెం జరిగింది. ఆ రోడ్లను ముందుగా మూసివేసి, ఇరుపక్కలా గట్టి అడ్డుగోడలు పెట్టి, చూసేవారిని వాటి వెనుక కూర్చోబెట్టారు. ఆ అడ్డుగోడల విలువ ప్రపంచం ఊరికే నేర్చుకోలేదు. 1955 జూన్‌లో ఫ్రాన్సులోని లెమాన్ పందెంలో ఒక కారు అదుపుతప్పి గట్టుకు కొట్టుకుంది. దాని ముక్కలు జనంలోకి దూసుకుపోయి ఎనభైమందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. ఆ తర్వాత స్విట్జర్లాండు తన దేశంలో ఇటువంటి మోటారు పందేలను దశాబ్దాలపాటు నిషేధించింది. ఆరితేరిన డ్రైవర్ల పందెంలోనే అంత ఘోరం జరిగితే, అడ్డుగోడ లేని మన బజారులో ఏమి జరగవచ్చో ఊహించండి. వేగం మీద మోజున్నవారికి తగిన ట్రాకులు, శిక్షణ ఇచ్చేవారు ఉండాలని నేనూ కోరతాను. అవి లేకపోవడం మాత్రం రోడ్డును ట్రాకు చేసుకోవడానికి సాకు కాదు.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నూటికి 71 మందికి పైగా అతివేగం వల్లనే పోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. పోలీసులు ఎంతమంది ఉన్నా ప్రతి మలుపులోనూ కాపలా ఉండలేరు. శిక్షలెంత పెద్దవైనా అవి జరిగిపోయినదాని తర్వాత వచ్చేవే. ముందే ఆపగలిగేది చుట్టూ చేరిన గుంపు. నా ఉద్దేశంలో సగం బాధ్యత ఆ గుంపుదే. చూసేవారు లేని చోట విన్యాసం చేసేవాడు చాలా అరుదు. ఈలలు, వీడియోలు ఆ మంటకు పోసే నూనె. మీరు ఈల వేయకపోతే, ఫోను జేబులోనే ఉంచుకుంటే, కారు ఎక్కమన్నప్పుడు "నేను రాను" అంటే, మీరు పిరికివారు కారు. లెక్క తెలిసినవారు.

ఈ నెలలో ఒక పని చేయండి. మీ సైన్సు మాస్టారినడిగి ఒక టేపు తీసుకుని, బడి మైదానంలో సున్నంతో మూడు గీతలు గీయండి. 20 మీటర్ల దగ్గర ఒకటి, 57 దగ్గర ఒకటి, 112 దగ్గర ఒకటి. మొదటి గీత దగ్గర 40 అని, రెండో దాని దగ్గర 80 అని, మూడో దాని దగ్గర 120 అని రాయండి. కింది తరగతుల పిల్లలను పిలిచి నడిపించి చూపండి. మైదానం మూడో గీతకు చాలకపోతే గోడమీద ఆ మాటే రాయండి: "120 వేగంతో వచ్చే కారు మా బడి ఆవరణలో ఆగదు."