ఖరిదాలో పని, విశాఖలో రిజిస్ట్రేషనా?

ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళు బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉన్నారు. అయినా ఖరిదాలో మన పిల్లల చదువు కోసం ఒక ఫౌండేషన్ పెడదామంటే, విశాఖలో రిజిస్టర్ చేయిద్దాం, అక్కడ తెలిసినవాళ్ళున్నారు అనే సలహా తేలిగ్గా వస్తుంది. నేను ఒప్పుకోను.

ఒక రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీ హోదాతో వలస వెళ్ళిన రాష్ట్రంలో రిజర్వేషన్ అడగలేమని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఇక్కడ పుట్టిన మన పిల్లల కుల ధ్రువపత్రాల పేచీ బెంగాల్ ప్రభుత్వంతోనే. ఆ అధికారి ముందు విశాఖ చిరునామా ఉన్న లెటర్‌హెడ్ పెడితే లాభమేంటి?

ఇక ట్రస్టా, సొసైటీయా? సెక్షన్ 8 కంపెనీ మన బస్తీకి మోయలేని బరువు, వదిలేద్దాం. ట్రస్టు సులువే: డీడ్ రాసుకుని సబ్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్తే చాలు. కానీ పెట్టినాయన తర్వాత ఆయన కొడుకు కూర్చుంటే బస్తీ అడగలేదు. పశ్చిమ బెంగాల్ 1961 చట్టం కింద సొసైటీకి కనీసం ఏడుగురు కావాలి. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, ఆడిట్ చేయించాలి. విసుగే, కానీ ప్రశ్నించే హక్కు అక్కడే దొరుకుతుంది. బాబాసాహెబ్ 1924లో బహిష్కృత హితకారిణి సభ పెట్టినప్పుడు కూడా 1860 నాటి సొసైటీల చట్టం కిందే రిజిస్టర్ చేయించారు.

ఆ ఏడుగురిలో ఆడవాళ్ళు, సఫాయి పనివాళ్ళు ఉండాలి, సంతకాలకే కాదు. ఆఫీసు చిరునామాగా మాత్రం రైల్వే క్వార్టర్ ఇవ్వకండి. రిటైరైతే ఖాళీ చేయాల్సిందే.